రిమ్ముకి మేకప్పు, మనకి ముప్పు

మొన్న ఆఫీసులో లంచ్ టైంలో ఒక చర్చ జరిగింది. మా టీంలో ఒకతను కొత్తగా సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఇంజను బాగుంది, ఏసీ బాగుంది, ధర కూడా ఫర్వాలేదు. అలాయ్ వీల్స్ మాత్రం ఎలకలు కొరికిన జంతికల్లా ఉన్నాయి. "వీటికేం చేయిస్తే బాగుంటుంది?" అని అడిగాడు పాపం. అంతే.. ఎనిమిది మందిమి, ఎనిమిది సలహాలు. డైమండ్ కట్ చేయించమని ఒకడు, మ్యాట్ బ్లాక్ కొట్టించమని ఇంకొకడు, క్రోమ్ అని ఒకావిడ, యూట్యూబ్ చూసి ఇంట్లోనే స్ప్రే కొట్టుకోమని ఒక పొదుపరి. అరగంటసేపు రంగు గురించే మాట్లాడుకున్నాం. ఒక్కరంటే ఒక్కరు "ముందు ఆ రిమ్ముల్లో పగుళ్ళున్నాయేమో చూశావా?" అని అడగలేదు. చివర్లో నేను అడిగాను. అందరూ నావైపు ఎలా చూశారంటే, పెళ్ళి పందిట్లో తుమ్మినవాణ్ణి చూసినట్టు చూశారు.

అక్కడ చెప్పలేకపోయిందంతా ఇక్కడ చెప్తా. కాస్త ఘాటుగానే ఉంటుంది, ముందే చెప్తున్నా. ఎందుకంటే ఈ విషయంలో వెధవ పని చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జావా రాసుకుని బతికే జాతివాణ్ణి. మనలో సగం మంది అదే బాపతు కదా. రెండో సంవత్సరంలో మెటలర్జీ అని ఒక సబ్జెక్టు ఉండేది. ఐరన్-కార్బన్ డయాగ్రం బట్టీ కొట్టి, పరీక్షలో దించేసి, బయటికొచ్చాక ఆ కాగితంతో పాటు బుర్రలోంచి కూడా పారేశాను. అది పారేయకుండా ఉండుంటే ఇవాళ ఇది రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

సరే, అసలు కథ. రెండేళ్ళ క్రితం నా కారు అలాయ్స్ కూడా ఇలాగే తయారయ్యాయి. మా అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు మలుపు దగ్గర ఒక గట్టు ఉంది. దాన్ని కట్టినవాడు కారు ఎప్పుడూ ఎక్కి ఉండడని నా గట్టి నమ్మకం. రోజూ అక్కడ చక్రం గీరుకోవడమే. నావి ఫ్యాక్టరీలోనే డైమండ్ కట్ చేసినవి. గీతలు పడ్డచోటల్లా, వానాకాలం పోయేసరికి, పైనున్న లాకరు కింద తెల్లటి పురుగులు పాకినట్టు మరకలు బయల్దేరాయి. షాంపూ పెట్టి తోమాను, క్లీనర్లు కొన్నాను, టూత్ బ్రష్షులు అరగదీశాను. ఊహూఁ.

అసలు ఈ డైమండ్ కట్ అంటే ఏంటో చాలా మందికి తెలీదు. వజ్రాలేమీ పొదగరు (నేను మొదట్లో అలాంటిదేదో అనుకున్నా, నవ్వకండి). రిమ్ముకి ముందు పూర్తిగా రంగేస్తారు. తర్వాత సీఎన్‌సీ లేత్ మీదకెక్కించి గిరగిరా తిప్పుతూ, వజ్రపు మొన ఉన్న టూలుతో ముఖం మీది రంగునీ, దాంతో పాటు ఒక పలచటి పొర లోహాన్నీ చెక్కేస్తారు. పాత గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నటి గీతలొస్తాయి. వెలుతురు పడితే తళతళలాడుతుంది. షోరూములో లైట్ల కింద చూస్తే నిజంగానే మనసు పారేసుకుంటాం.

ఆ తళుకుకి మనం చెల్లించే మూల్యమేమిటంటే.. అక్కడ ప్రైమరు లేదు, రంగు లేదు. ఒట్టి అల్యూమినియం, దాని మీద పలచటి లాకరు. అంతే. ముందువెళ్ళే లారీ చక్రం విసిరిన చిన్న రాయి తగిలి లాకరు చిట్లితే చాలు. నీళ్ళు లోపలికి దూరి, లాకరుకీ లోహానికీ మధ్య దారి చేసుకుంటూ పాకుతాయి. దీన్ని ఫిలిఫారం కొరోజన్ అంటారు. మరక లాకరు కింద ఉంటే మనం పైన తోముతున్నాం అన్నమాట, అద్దం లోపలున్న దుమ్ముని బయట తుడిచినట్టు. దాన్ని పోగొట్టాలంటే లాకరు ఊడదీసి మళ్ళీ లేత్ ఎక్కించి మళ్ళీ చెక్కాలి. చెక్కిన ప్రతిసారీ కొంచెం లోహం పోతుంది. పెన్సిలు ఎన్నిసార్లు చెక్కగలం? మామూలుగా రెండు మూడు సార్లకి మించి వద్దంటారు. ఇంకో సంగతి, చెక్కినప్పుడు ఏర్పడే పదునైన అంచుల మీద ఏ పూతైనా పలచగానే నిలబడుతుంది. కాబట్టి కొత్తగా చెక్కించింది మళ్ళీ ఎక్కడ మొదలెడుతుందో ముందే చెప్పొచ్చు, ఆ అంచుల దగ్గరే.

అంటే ఏంటి? రెండు మూడేళ్ళకోసారి డబ్బు ఖర్చుపెట్టి చక్రాన్ని అరగదీసుకునే పథకం ఇది. అందం కోసం పునాది ఇటుకలు పీకడం. అయినా "ఫ్యాక్టరీ ఫినిష్" అనే రెండు మాటలకి మన ఐటీ వాళ్ళు పడిపోయినంతగా ఇంకెవరూ పడిపోరు. రీసేల్ వాల్యూ అంటారు. అయ్యా, ఎనిమిదేళ్ళ కారు అమ్మేటప్పుడు కొనేవాడు రిమ్ము మెరుపు చూసి ఎంత ఎక్కువిస్తాడు? మీరు దానికి పెట్టినంత మాత్రం ఇవ్వడు.

నేను మూడు షాపులు తిరిగాను. ఒకచోట డైమండ్ కట్, రిమ్ముకి 3,500 అన్నాడు. ఇంకోచోట మామూలు డెంటింగ్ పెయింటింగ్ చేసే ఆయన "బండి మీదుండగానే కొట్టేస్తా సార్, టైర్లు కూడా ఊడదీయక్కర్లే, నాలుగూ కలిపి మూడు వేలివ్వండి" అన్నాడు. న్యూస్ పేపరు అంటించి కొడతాట్ట. మూడో షాపు పౌడర్ కోటింగ్, రిమ్ముకి 1,800. నేను మూడోదానికి ఒప్పుకున్నా. ఏదో మెటలర్జీ గుర్తొచ్చి కాదు, నడిమధ్య రేటు అని. బాలానగర్ పక్కన ఇనప గేట్లు, కిటికీ గ్రిల్స్, బీరువాలు కోటింగ్ చేసే యూనిట్‌కి పంపించి చేయించుకొచ్చాడు. మామూలు సిల్వర్ రంగు. బ్రహ్మాండంగా వచ్చాయి. ఇవాళ్టికీ బాగానే ఉన్నాయి.

చిక్కంతా అక్కడే వచ్చింది. బాగా రావడంతో నేను ఆ షాపుకి ఉచిత ప్రచారకర్తనైపోయాను.

ఆర్నెల్ల తర్వాత మా బావ (అక్క మొగుడు) కారు మియాపూర్ దగ్గర వాననీళ్ళతో నిండిన గుంతలో దిగింది. ఎంత లోతుందో తెలీక ఓ మోస్తరు స్పీడులోనే పోనిచ్చాడు. ధడేల్మంది. ముందు ఎడమ రిమ్ము లోపలివైపు అంచు వంగిపోయింది, చిన్న పగులు కూడా వచ్చింది. గాలి మెల్లగా దిగిపోతోంది. నాకు ఫోన్ చేశాడు. "కొత్త రిమ్ము తొమ్మిది వేలంటున్నార్రా, ఏం చెయ్యమంటావు?" అని. నేను, మెకానికల్ ఇంజనీరుని, "ఎందుకు బావా దండగ, నాకు తెలిసిన షాపుంది, బెండ్ తీసి వెల్డింగ్ చేసి కోటింగ్ వేసిస్తాడు, కొత్తదానిలా ఉంటుంది" అన్నాను.

నిజంగానే కొత్తదానిలా ఉంది. గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో కొట్టి బెండ్ తీశాడు. పగులుకి ఆర్గాన్ వెల్డింగ్ పెట్టాడు. పైన గ్రైండింగ్, పుట్టీ, రంగు. 2,800 తీసుకున్నాడు. ఎక్కడ పగిలిందో వేలుపెట్టి చూపించమంటే బావ చూపించలేకపోయాడు. "నీ పుణ్యమా అని ఆరు వేలు మిగిలాయిరా" అన్నాడు.

నాలుగు నెలలకి, విజయవాడ వెళ్తూ, నకిరేకల్ దాటాక.. స్టీరింగు వణకడం మొదలెట్టిందట. రోడ్డు బాలేదేమో అనుకున్నాడు. ఇంకో రెండు నిమిషాలకి ఎడమవైపుకి లాగేసింది. గాలి ఒక్కసారిగా పోయింది. అదృష్టం బావుండి ఎడమ లేన్‌లోనే ఉన్నాడు, అదృష్టం బావుండి తొంభై దాటలేదు, బ్రేకు గట్టిగా తొక్కకుండా మెల్లగా పక్కకి దించగలిగాడు. వెనకే వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. వెనక సీట్లో అక్క, నాలుగేళ్ళ మేనకోడలు. దానికి నిద్ర కూడా చెదరలేదట.

స్టెప్నీ వేసుకుని ఇంటికొచ్చాక బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రిమ్ము తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. అన్నా బావుండేది.

పగులు జానెడు పొడవుంది. చూసినకొద్దీ నాకు అర్థమైందేంటంటే, అది వెల్డింగ్ మీద లేదు. వెల్డింగ్ చెక్కుచెదరలేదు. దాని పక్కనే, అరంగుళం దూరంలో, దాన్ని ఆనుకున్నట్టుగా సాగింది. ఇదే గనక పరీక్షలో అడిగితే నేను ఒక పేజీ రాసేవాణ్ణి: హీట్ ఎఫెక్టెడ్ జోన్. మార్కులు కూడా వచ్చేవి.

ఇప్పుడు అసలు లోపల జరిగేదేంటో చెప్తా. కాస్త ఓపిక పట్టండి, కొత్త ఫ్రేమ్‌వర్కు డాక్యుమెంటేషన్ చదివే ఓపికలో పదో వంతు చాలు. మన కార్లకొచ్చే అలాయ్స్‌లో ఎక్కువ భాగం ఏ356 తరహా మిశ్రమంతో పోతపోసినవి. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, చిటికెడు మెగ్నీషియం. పోతపోసిన వెంటనే దానికి ఆ బలం రాదు. దాదాపు 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, గభాలున నీళ్ళలో చల్లార్చి, తర్వాత మళ్ళీ 150-170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు మగ్గబెడతారు. దీన్ని టీ6 అంటారు. ఆ మగ్గబెట్టినప్పుడు మెగ్నీషియం, సిలికాన్ కలిసి కంటికి కనపడనంత చిన్న చిన్న కణాలుగా లోహమంతా పరుచుకుంటాయి. చక్రానికున్న బలంలో పెద్ద వాటా ఆ కణాలదే.

ఇప్పుడు మన షాపువాడు గ్యాస్ మంట పెట్టాడనుకోండి. 250, 300, 400.. ఎంతకెళ్ళిందో వాడికి తెలీదు. ఇనుమైతే వేడెక్కుతున్నకొద్దీ ఎర్రబడుతుంది, చూసి ఆపొచ్చు. అల్యూమినియం ఎర్రబడదు. ఈ మిశ్రమం 560 డిగ్రీల చుట్టుపక్కలే కరగడం మొదలెడుతుంది, అప్పటిదాకా వెండిరంగులోనే అమాయకంగా ఉంటుంది. కాస్త పద్ధతున్నవాళ్ళు టెంపరేచర్ క్రేయాన్ గీసి చూస్తారు. నేను చూసిన చోట క్రేయాన్ కాదు కదా, చాక్‌పీసు కూడా లేదు. ఆ వేడికి ఆ చిన్న కణాలన్నీ ఉబ్బి, ఒకదాన్నొకటి మింగి, ముతకగా తయారవుతాయి. లోహం మెత్తబడిపోతుంది. మంట పెట్టినచోటా, వెల్డింగ్ పక్కనా టీ6 అనేది ఇక లేదు. దాన్ని తిరిగి తేవాలంటే చక్రం మొత్తాన్ని మళ్ళీ 540కి తీసుకెళ్ళి మొదట్నుంచీ చెయ్యాలి. ఆ ఫర్నేసు మీ కాలనీ చివరున్న షాపులో ఉండదు.

"వెల్డింగ్ గట్టిగా ఉంది చూడండి సార్, సుత్తితో కొట్టినా ఏం గాదు" అంటారు. నిజమే, గట్టిగానే ఉంది. పక్కనున్నదే పోయింది.

పైగా చక్రం మీద భారం ఒక్కసారి పడి ఊరుకునేది కాదు. లెక్క వేసుకుందాం, మనకి అలవాటైన పనే. 195/55 ఆర్16 టైరు తీసుకోండి. మొత్తం వ్యాసం 62 సెంటీమీటర్లు, చుట్టుకొలత 1.95 మీటర్లు. కిలోమీటరుకి 513 చుట్లు. వంద స్పీడులో సెకనుకి 14 చుట్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లనుకుంటే, ఒక్క ట్రిప్పులో లక్షా నలభై వేల చుట్లు. ప్రతి చుట్టుకీ రిమ్ములో ప్రతి ముక్కా ఒకసారి బరువు మోసి వదులుతుంది. యాభై వేల కిలోమీటర్లకి రెండున్నర కోట్ల సార్లు. ఉక్కుకి ఒక సుగుణం ఉంది, ఒక హద్దుకి లోపల ఒత్తిడి పెడితే ఎన్ని కోట్లసార్లైనా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ఎంత చిన్న ఒత్తిడైనా లెక్కలో పడుతూనే ఉంటుంది. మెత్తబడ్డ చోట, పాత పగులు మిగిలిన చోట ఆ లెక్క త్వరగా పూర్తవుతుంది. మా బావకి నాలుగు నెలలు పట్టింది.

అందుకే కార్ల కంపెనీలు కూడా ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్తాయి. జనరల్ మోటార్స్ తన సర్వీసు బులెటిన్లలో వెల్డింగు, వంపులు తీయడం ఒప్పుకోమని, పై పూత మార్చుకోవడానికి మాత్రమే అభ్యంతరం లేదని రాసింది. ఒక కొత్త డిజైను రిమ్ముని బయటికి వదిలేముందు దాన్ని వంచుతూ తిప్పే పరీక్ష, బరువు మీద దొర్లించే పరీక్ష, 13 డిగ్రీలు వాలుగా నిలబెట్టి అంచు మీద బరువు పడేసే పరీక్ష.. ఇన్ని చేస్తారు. ఇన్ని పరీక్షలు పాసై రిలీజైన బిల్డుని ఎవడో ప్రొడక్షన్‌లో బైనరీ తెరిచి నాలుగు బైట్లు చేత్తో మార్చి, లాగిన్ పేజీ ఓపెనైంది కాబట్టి అంతా ఓకే అంటే మీరు ఒప్పుకుంటారా? ఆ చేంజ్ రిక్వెస్టు మీద సంతకం పెడతారా? కారు చక్రానికి మాత్రం పెట్టేస్తాం. పెట్టి, ఫోటో తీసి స్టేటస్ కూడా పెడతాం.

ఇక్కడ నాకు ఎదురొచ్చే వాదనలు నాకు తెలుసు. "లక్షల మంది చేయించుకుంటున్నారు, ఎవరికేమైంది?" అనేది మొదటిది. ఏమైందో ఎవరు చెప్తారు? హైవే మీద గాలిపోయి బండి పల్టీ కొడితే టైరు పేలింది అంటారు. టైరు ఎందుకు ఖాళీ అయిందని ఆ ముక్కలు ఏరి చూసేవాళ్ళెంత మంది? మా బావ కారు పల్టీ కొట్టుంటే ఆ రిమ్ము గురించి నేనూ ఆలోచించేవాణ్ణి కాదేమో. సర్వర్ లాగులు లేని చోట ఎర్రర్లు లేవనుకోవడం మన వృత్తిలో ఎంత పెద్ద జోకో అందరికీ తెలుసు.

రెండోది, "నిప్పు పెట్టకుండా హైడ్రాలిక్ ప్రెస్సుతో చల్లగానే బెండ్ తీస్తారు, అది మంచిదే కదా". మంట కంటే నయమే, కాదనను. కానీ పోత అల్యూమినియం ఇనుములా సాగే రకం కాదు. ఒకసారి వంగినప్పుడే దాని ఓపిక చాలావరకు అయిపోయింది. మళ్ళీ వెనక్కి వంచడమంటే తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టే. నా మటుకు నేను దానిక్కూడా దణ్ణం పెడతా.

మూడో వాదన మాత్రం నన్ను కాసేపు ఆలోచనలో పడేసింది. క్యాబ్ నడుపుకునే ఒకతను అన్నాడు, "మీకు తొమ్మిది వేలు ఒక వారాంతం ఖర్చు సార్, నాకు రెండు వారాల కష్టం" అని. న్యాయమైన మాట. కానీ దానికి జవాబు వెల్డింగ్ కాదు, స్టీల్ రిమ్ము. అదే కొలతలో అలాయ్ ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో దొరుకుతుంది. గుంతలో పడితే పగలకుండా వంగుతుంది. చాలా కార్లలో స్టెప్నీ స్టీలుదే. అందం తక్కువ, అంతే. పాపం ఆయన ఆ మాట అన్నందుకు నాకు కోపం రాలేదు. కోపమొచ్చేది మన మీద. లక్ష రూపాయల ఫోను రెండేళ్ళకి మార్చేస్తాం, చూడని ఓటీటీలకి నెలనెలా కడతాం, పిల్లలు కూర్చునే బండి చక్రం దగ్గరకొచ్చేసరికి ఆరు వేలు మిగిలాయని సంబరపడతాం. సంబరపడింది మా బావ, సలహా ఇచ్చింది నేను.

మిగతా ఫినిష్‌ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. క్రోమ్ మన వానలకీ గుంతలకీ పెచ్చులు లేస్తుంది, లేచిన పెచ్చు చెయ్యి కోస్తుంది. రబ్బరులా ఊడొచ్చే స్ప్రే పెళ్ళి మేకప్పు లాంటిది, సరదాకి సరే. కార్బన్ ఫైబర్ డిజైను అంటించేవి చూసి నవ్వుకుని ముందుకెళ్ళండి. ఇంట్లో డబ్బా స్ప్రే కొట్టుకునేవాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. శుభ్రంగా రుద్ది, ప్రైమరు వేసి, ఆదివారం ఎండలో ఓపిగ్గా కొట్టుకుంటే ఏడాది బాగానే ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా చక్రానికి అపకారం చెయ్యదు.

నన్నడిగితే, గీతలే తప్ప పగులూ వంపూ లేని రిమ్ముకి మామూలు పౌడర్ కోటింగ్. డైమండ్ కట్‌వి అయినా సరే, ఆ తళుకు మర్చిపోయి మొత్తం ఒకే రంగు. కాకపోతే "పౌడర్ కోటింగ్ వేడికి కూడా రిమ్ము మెత్తబడుతుంది కదా" అని అడిగేవాళ్ళుంటారు, వాళ్ళు మంచి ప్రశ్నే అడుగుతున్నారు. పౌడరు ఉడకడానికి కావాల్సింది మామూలుగా 180 నుంచి 200 డిగ్రీలు, పదీ ఇరవై నిమిషాలు. ఒకసారికి ఫర్వాలేదు. కానీ బాలానగర్లో ఆ ఓవెన్ పొద్దున గేట్లకి పెట్టింది. మందపాటి ఇనుముకి ఎంత వేడి పెట్టినా నష్టం లేదు కాబట్టి వాళ్ళు పట్టించుకోరు. మన రిమ్ముల్ని కూడా ఆ గేటుతో పాటే తోసేసి టీ తాగడానికి పోతారు. కాబట్టి దగ్గరుండి అడగండి, ఎంత డిగ్రీలు, ఎంతసేపు అని. రంగు నచ్చలేదని మూడు సార్లు ఊడదీయించి మూడు సార్లు ఉడకబెట్టించకండి. పోత లోహంలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోని గాలి ఓవెన్లో బయటికొచ్చి పూత మీద బుడిపెలు లేస్తాయి. తెలిసినవాడైతే పౌడరు చల్లేముందే ఒకసారి ఖాళీగా వేడిచేసి ఆ గాలి పోగొడతాడు. ఈ ఒక్క ప్రశ్న అడిగితే వాడికి అలాయ్స్ పని వచ్చో, గేట్ల పనే వచ్చో తేలిపోతుంది.

పాత రంగు ఎలా ఊడదీస్తున్నారో కూడా చూడాలి. ఇనుముకి వాడే కాస్టిక్ తొట్టిలో ముంచితే అల్యూమినియాన్ని తినేస్తుంది. అల్యూమినియం గిన్నెని సోడాతో తోమితే ఎలా నల్లబడుతుందో మీ అమ్మగారినడగండి. ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే ఇంకో గొడవ, పైలోహం చెదిరి సన్నటి పగుళ్ళ నోళ్ళు మూసుకుపోతాయి, తర్వాత ఎంత వెతికినా కనపడవు. అందుకే రంగు కెమికల్‌తో ఊడదీశాక, బ్లాస్టింగ్‌కి ముందు, డీపీ టెస్టు చేయించాలి. నేను గుడ్డిగా నమ్మిన షాపువాడు చెయ్యనిదీ, నేను అడగనిదీ ఇదే.

డీపీ టెస్టు అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఎర్రటి ద్రవం స్ప్రే చేసి, కాసేపాగి తుడిచేసి, తెల్లటి డెవలపర్ కొడతారు. పగులుంటే అందులో దూరిన ఎరుపు తెలుపు మీదకి గీతలా ఊరొస్తుంది. ప్రెషర్ వెసెల్స్, పైపులు చేసే ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా ఆ మూడు డబ్బాలుంటాయి. నా క్లాస్‌మేట్ ఒకడు (మెకానికల్ చదివి మెకానికల్లోనే ఉన్న మహానుభావుడు) జీడిమెట్లలో అలాంటి షాపులో పనిచేస్తాడు. నకిరేకల్ సంగతి జరిగిన వారానికి బావ రిమ్ములు నాలుగూ ఊడదీయించి వాడి దగ్గరికి పట్టుకెళ్ళాను. మిగతా మూడింట్లో ఒకదానికి, లోపలి అంచున, తలవెంట్రుకంత ఎర్ర గీత ఊరింది. అదే గుంతలో దిగిన ఎడమవైపు వెనక చక్రం. దాన్ని ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే గాలి దిగలేదు, పైకి నిగనిగలాడుతోంది. దానికి కూడా వాళ్ళు అప్పుడే, "సెట్టు మ్యాచ్ అవ్వాలి కదా సార్" అని, పగులు పైనుంచే కోటింగ్ వేసిచ్చారు!

కోటింగ్ అయ్యాక చూసుకోవాల్సినవి రెండున్నాయి, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. నట్లు కూర్చునే గుంటల్లోనూ, హబ్బుకి ఆనుకునే వెనకవైపు ముఖం మీదా పౌడరు ఉండకూడదు. ముందే టేపు వేసి మూసేయమనాలి. మందపాటి పూత మీద నట్టు బిగిస్తే, నాలుగు రోజులు తిరిగాక ఆ పూత నలిగి, నట్టు పట్టు సడలుతుంది. నా కారు మాన్యువల్లో వీల్ నట్టుకి 11 నుంచి 13 కేజీఎఫ్-మీటర్ల టార్కు రాసుంది. షాపుల్లో గన్ను పెట్టి టర్రుమనిపిస్తారు, అది ఎంతో వాళ్ళకే తెలీదు. ఒక టార్క్ రెంచి కొనుక్కోండి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూసుకోండి. కీబోర్డు మీద పెట్టే డబ్బులో సగం కూడా అవ్వదు.

బావకి రెండు కొత్త రిమ్ములు నేనే కొనిచ్చాను. వద్దన్నాడు, విన్లేదు. మిగతా రెండింటి డైమండ్ కట్‌కి ఇవి మ్యాచ్ అవ్వవు, రెండూ మామూలు సిల్వర్. కారు ఎడమవైపు ఒకలా, కుడివైపు ఒకలా ఉంటుంది. అక్క దాన్ని చూసి నవ్వుతుంది. నవ్వనీండి.

పాతవి రెండూ మూడు నెలలు మా బాల్కనీలో ఉన్నాయి. పోయిన నెల వీధిలోకొచ్చిన పాత సామాన్లాయన్ని పిలిచాను. తిప్పి చూసి, కోటింగ్ మీద వేలు రాసి, "మంచిగున్నయ్ గద సార్, ఒక్కోదానికి పన్నెండొందలిస్తా" అన్నాడు. పగిలింది చూపించాను. "అది ఏం గాదు సార్, ఆర్గాన్ పెట్టిస్తే అయిపోతది, తీస్కునేటోళ్ళున్నరు" అన్నాడు. ముక్కలు చేసిస్తే ఎంతిస్తావని అడిగితే, తుక్కు లెక్కన కేజీకింత అని, అది దాన్లో సగానికి కాస్త ఎక్కువ చెప్పాడు. రేపు రమ్మన్నాను.

ఆ సాయంత్రం రెండూ డిక్కీలో వేసుకుని మళ్ళీ జీడిమెట్ల వెళ్ళాను. మావాడు కటింగ్ వీల్‌తో ఒక్కోదాన్నీ నాలుగు ముక్కలు కోసిచ్చాడు. మర్నాడు పాత సామాన్లాయన ఆ ముక్కలు తక్కెట్లో వేస్తూ, "గట్ల ఎందుకు కోసిన్రు సార్, ఎవరన్న వాడుకుందురు గద" అన్నాడు.

అందుకే కోయించానని చెప్పాను.